చుక్క పెట్టిన హిట్లు

ఆ ఏడాది జూన్ ఒకటో తారీఖుకు మా పెళ్ళయి పదహారు రోజులు. లైబ్రరీ కార్డు మీద కొత్త ఇంటిపేరు చూసుకోవడానికని రోజుకోసారి పర్సు తెరిచేదాన్ని. గుమ్మం దగ్గర నా బూట్ల పక్కన నోలన్ బూట్లు కనబడితే, ఎవరో నాకోసం బహుమతి తెచ్చి పెట్టినట్టు ఉండేది. సరస్సు ఒడ్డున ఉన్న షిబోయ్‌గన్ ఊళ్ళో మామగారి ఇంటి పైవాటా మాది, కిందివాటా ఆయనది. మధ్యలో సన్నని చెక్కమెట్లు. సాయంత్రం ఆరు కొట్టేసరికి ఆ మెట్ల కిందినుంచి పెన్సిల్ చెక్కుతున్న చప్పుడు వచ్చేది.

"ఏమిటది?" అని మొదటిరోజు అడిగాను.

"నాన్న ఆట," అన్నాడు నోలన్. "దా, కిందికి పోదాం. ఆట మధ్యలో మాట్లాడినా ఊరుకుంటాడు, తిన్నా ఊరుకుంటాడు. పెన్సిల్ మాత్రం ముట్టుకోకు."

మామగారి పేరు ఆర్విన్. ఊరంతా ఆర్వ్ అంటుంది. నన్నూ అలాగే పిలవమన్నారు గానీ నాకు నోరు తిరగలేదు. మొదటి వారమంతా "ఇదిగో", "అదేనండీ" అంటూ నెట్టుకొచ్చాను. ఆయన వంటింటి బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎదురుగా కంప్యూటరు. తెర మీద బొమ్మల్లేవు, చప్పట్లు లేవు. కాసేపటికో వాక్యం వచ్చి పడుతోంది. "సోరెన్ ఎడమవైపు కొట్టాడు. హిట్." అంతే. ఆయన ఆ వాక్యం చదివి, పక్కనున్న పెద్ద పుస్తకంలో ఒక చిన్న గడిలో గీత గీసి, మళ్ళీ తెర వైపు చూస్తున్నారు. బేస్‌బాల్ మైదానంలో, జట్టు బెంచీ చివర కూర్చున్న స్కోరరు ఎంత శ్రద్ధగా ఉంటాడో అంత శ్రద్ధగా.

"ఇదంతా కంప్యూటరే లెక్కపెట్టుకుంటుంది కదండీ?" అన్నాను.

"పెట్టుకుంటుంది. సీజన్ అవగానే తుడిచేస్తుంది," అన్నారు తల ఎత్తకుండా. "నేను తుడవను."

అది ఆన్‌లైన్ లీగు. ఇరవై నలుగురు మనుషులు, ఇరవై నాలుగు జట్లు. మామగారి జట్టు పేరు గల్స్, సరస్సు మీద ఎగిరే తెల్లపక్షుల పేరు. ఆటగాళ్ళంతా ఆ సైటు పుట్టించినవాళ్ళే. వాళ్ళకు పేర్లుంటాయి, వయసులుంటాయి, ఒళ్ళు ఉండదు. ఒక్కొక్కడికి ఐదు రేటింగులు: తాకే నేర్పు, కొట్టే బలం, పరుగు, పట్టు, విసురు. ఐదింటినీ కలిపి పేరు పక్కన లావుగా ఒక పెద్ద అంకె. వేసవికొక సీజన్, రోజుకు రెండు ఆటల చొప్పున అరవై రోజులు, నూట ఇరవై ఆటలు. ఆడించేది కంప్యూటరు. ఎవరిని దింపాలో, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలో తేల్చేది మనిషి.

అంతకుముందు రెండేళ్ళూ గల్స్ ఇరవై నాలుగో స్థానంలో ఆగింది. వరసగా మూడుసార్లు అట్టడుగున ఉంటే జట్టు చేయి మారాలని లీగు నియమం. లీగు పెద్ద ఒమాహాలో ఉంటాడు. మంచివాడే. "పన్నెండేళ్ళుగా ఉన్నావు, నాకూ బాధగానే ఉంది ఆర్వ్, కానీ నలభై మంది వరసలో నిలబడి ఉన్నారు" అని ఉత్తరం రాశాడు. మామగారు దాన్ని అచ్చు తీయించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నారు.

ఆ శుక్రవారం చేపల వేపుడుకి మా ఆడపడుచు గ్రెచెన్ వచ్చింది. తండ్రిని ఆటపట్టించడమే ఆమెకు వారాంతపు వినోదం.

"జట్టు పోతే ఆరింటికి ఏం చేస్తావు నాన్నా?"

"ఏముంది," అన్నారాయన, చేపముక్క మీద నిమ్మకాయ పిండుకుంటూ. "ఆరున్నర దాకా కూర్చుంటాను."

"ఆరున్నరకి?"

"ఏడు దాకా."

గ్రెచెన్ నవ్వింది. ఆయనా నవ్వారు. నేను మాత్రం ఫ్రిజ్ తలుపు మీది ఉత్తరం వైపు చూశాను.

మెట్లెక్కి పైకి వెళుతుంటే నోలన్ చేయి పట్టుకుని అడిగాను. "ఆ రేటింగులు నిజం చెబుతాయా?"

"ఎవరికి తెలుసు? పెద్ద అంకె ఉన్నవాడి కోసం అందరూ కొట్టుకుంటారు. నాన్న దగ్గరా పెద్ద అంకెలవాళ్ళు ఉన్నారు. మరి అడుగునే ఉన్నాంగా!"

నేను చదివింది స్టాటిస్టిక్స్. ఉద్యోగం జిల్లా ఆరోగ్యశాఖలో. సరస్సు ఒడ్డున ఏ చోట ఈత కొట్టొచ్చో, ఏ చోట కూడదో నీళ్ళ పరీక్షల అంకెలు చూసి చెప్పడం నా పని. కింద వంటింటి అరలో పన్నెండు వేసవుల స్కోరు పుస్తకాలు, ఇరవై నాలుగు, వరసగా నిలబడి ఉన్నాయి. ప్రతి పుస్తకం అట్ట లోపల ఆ ఏటి ఆటగాళ్ళ రేటింగులన్నీ మామగారి గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని లెక్క అది. మిఠాయి కొట్టు తాళం దొరికినట్టనిపించింది నాకు.

మర్నాడు పొద్దున్నే హార్డ్ రోల్స్ అనే ఈ ఊరి గట్టి రొట్టెలు పట్టుకుని కిందికి దిగాను.

"మీ పుస్తకాలు నాకిస్తారా... ఆర్వ్?"

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆయన గమనించనట్టే నటించి, రొట్టెకు వెన్న రాసుకున్నారు.

"పెన్సిల్ తప్ప ఏదైనా తీసుకో, పిల్లా."

* * *

ఐదు రోజులు మా పైవాటా నేలంతా పుస్తకాలే. నోలన్ ఫ్యాక్టరీనుంచి వచ్చి స్నానం చేసి నా పక్కన బోర్లా పడుకునేవాడు. అతను గడులు చదువుతుంటే నేను కంప్యూటర్లో ఎక్కించేదాన్ని. మధ్యమధ్య ఒక గిన్నెలోంచి స్ట్రాబెర్రీలు. పెళ్ళయిన కొత్తలో ఎవరైనా సముద్రతీరాలకు వెళ్ళి ఫొటోలు దిగుతారు. మేం కార్పెట్ మీద పాత ఆటల ఎర్రర్లు లెక్కపెట్టుకున్నాం. నాకు దేనికీ లోటనిపించలేదు.

బేస్‌బాల్ తెలియనివాళ్ళకు ఎర్రర్ అంటే ఒక్క మాటలో చెప్పొచ్చు. పట్టుకోవలసిన బంతిని ఫీల్డరు జారవిడిస్తే అతని పేరున ఎర్రర్ రాస్తారు. ఎవరూ పట్టలేని బంతి అయితే బ్యాటర్ పేరున హిట్ రాస్తారు. పట్టు రేటింగు ఎక్కువున్నవాడు ఎర్రర్లు తక్కువ చేయాలి. న్యాయం అదే.

పుస్తకాల్లో ఆ న్యాయం కనబడలేదు. పట్టు ముప్పై ఉన్నవాడూ ఎనభై ఉన్నవాడూ దాదాపు ఒకే లెక్కన ఎర్రర్లు చేశారు. కొట్టే బలం ఉన్నవాళ్ళు మాత్రం రేటింగు చెప్పినట్టే కొట్టారు. నేను రంగురంగుల గీతలతో ఒక బొమ్మ గీసి, అచ్చు తీసి, వంటింటి బల్ల మీద పరిచాను.

"చూడండి. పట్టు అన్న రేటింగు ఉత్త అలంకారం. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మంచి పట్టున్నవాళ్ళని ఇచ్చేసి బలమున్నవాళ్ళని తెచ్చుకుందాం. బంతిని ఎవడు పట్టినా ఒకటే!"

మామగారు బొమ్మను చాలాసేపు చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పగలంతా తోటలో ఉన్నారు కదా, ఎండ అనుకున్నాను.

"చాలా ముచ్చటగా గీశావు," అన్నారు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. "ఈ నీలం గీత మరీ బాగుంది."

"మార్చేద్దామా మరి?"

"నువ్వు చెప్పాక ఇంకేముంది."

జూన్ పదకొండో తేదీకల్లా నలుగుర్ని మార్చేశాం. అప్పటికి ఏడు గెలిచి పదమూడు ఓడి, ఇరవయ్యో స్థానంలో ఉన్నాం. జూన్ ఇరవై ఆరు నాటికి పద్నాలుగు గెలుపులు, ముప్పై ఎనిమిది ఓటములు. ఇరవై నాలుగో స్థానం. ఇరవై మూడో జట్టు మాకంటే ఆరాటల ముందుంది.

"కాలేజీలో ఎన్నేళ్ళు చదివావు బ్రెన్నా?" అంది గ్రెచెన్, మరో శుక్రవారం.

"నాలుగు."

"ఇంకో ఏడాది చదవాల్సింది."

"గ్రెచెన్!" అన్నాడు నోలన్.

"ఏంట్రా, నేనేమన్నా? మా నాన్న ఒక్కడే ఓడిపోతుంటే ఊళ్ళో కొంచెం పరువుండేది. ఇప్పుడు లెక్కలు కట్టి మరీ ఓడుతున్నారు!"

మామగారు నా వైపు బంగాళాదుంప పాన్‌కేకుల పళ్ళెం జరిపారు. "తిను పిల్లా. దాని మాటలకేం. చిన్నప్పుడు బంతాటలో దీన్ని కుడివైపు చివర నిలబెట్టేవాళ్ళు. అటు బంతులు రావని."

ఒక్క మాట కూడా ఆయన నన్ను అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. మెట్లెక్కి వెళ్ళి నోలన్ భుజం మీద మొహం పెట్టుకుని, "మీ నాన్న జట్టు నేను పోగొడుతున్నాను" అన్నాను. నోలన్ సర్దిచెప్పలేదు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. "రేపు ఆరింటికి నాతోపాటు కింద కూర్చో. మొదటినుంచీ చూడు," అన్నాడు.

* * *

మర్నాడు శనివారం. నేను మామగారి పక్కనే కుర్చీ వేసుకున్నాను. అప్పటిదాకా ఆటనే చూశాను గానీ, ఆయన చేతిని చూడలేదు.

మూడో ఇన్నింగ్స్‌లో తెర మీద వాక్యం పడింది. "షార్ట్‌స్టాప్ సోరెన్ దగ్గరికి నేలబంతి. జారవిడిచాడు. ఎర్రర్."

ఎమెట్ సోరెన్ ఆరేళ్ళుగా మామగారి జట్టులో షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేసుల మధ్య నిలబడి నేలబంతులు ఆపేవాడు. మేం ఎవరిని మార్చినా అతన్ని ముట్టుకోనివ్వలేదాయన. పట్టు ముప్పై ఎనిమిది. మామగారు తెర చూశారు. పెన్సిల్ ఎత్తారు. బ్యాటర్ గడిలో నిదానంగా హిట్ అని గీశారు.

నేను తెర మీది వాక్యం మళ్ళీ చదివాను.

"ఆర్వ్. అక్కడ ఎర్రర్ అని ఉంది."

"ఉందా?" అన్నారు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి బయట వాన పడుతోంది.

"మీరు హిట్ రాశారు."

"బంతి కొంచెం ఎగిరి ఉంటుంది, పిల్లా. గులకరాయి మీద పడిందేమో."

"కంప్యూటర్లో గులకరాళ్ళెక్కడివి?"

ఆయన పెన్సిల్ కింద పెట్టారు. ఆట మధ్యలో ఆయన పెన్సిల్ కింద పెట్టడం తానెప్పుడూ చూడలేదని నోలన్ తరవాత చెప్పాడు.

"ఇరవై రెండేళ్ళు మా ఊరి జట్టుకి స్కోరర్ని నేను," అన్నారు. "ఎర్రర్ రాస్తే అది సోమవారం పేపర్లో పడుతుంది. అదే సోమవారం ఫ్యాక్టరీలో నా పక్క మిషన్ దగ్గర నిలబడేది ఆ కుర్రాడే. వాళ్ళమ్మ చర్చిలో నా వెనక వరసలో కూర్చుంటుంది. ఏం చేయను? కొంచెం కష్టమైన బంతి కనబడితే హిట్ రాసేవాణ్ణి. చేయి అలా అలవాటు పడిపోయింది."

"ఈ సోరెన్‌కి అమ్మ లేదుగా, ఆర్వ్."

"అందుకే మరీ జాలి," అన్నారు.

నోలన్ కిటికీ వైపు తిరిగి నవ్వాపుకుంటున్నాడు. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. రెండు వారాలుగా నేను గర్వపడ్డ గీతలన్నీ కళ్ళముందు తిరిగాయి. పట్టు లేనివాళ్ళ తప్పుల్ని ఈయన దయతో హిట్లుగా మార్చేస్తే, పట్టుకీ ఎర్రర్లకీ సంబంధం ఎలా కనబడుతుంది? సరస్సు నీళ్ళ విషయంలో నేను మొదట అడిగేది, ఈ శాంపిల్ ఎవరు తీశారు, ఎలా తీశారు అని. ఆఫీసులో అడగకుండా ఒక్క గీత గీయను. ఇంటికొచ్చేసరికి అడగడం మరచిపోయాను. మామగారి పుస్తకం కదా అని.

"నేను ఆ బొమ్మ చూపించిన రోజే మీకు తెలుసు కదూ? ఎందుకు చెప్పలేదు?"

ఆయన బల్ల మీది రొట్టెపొడి వేలితో పోగుచేశారు. "అంత సంతోషంగా పట్టుకొచ్చావు. చెప్పబుద్ధి కాలేదు."

"అంటే నాకూ హిట్టే రాశారన్నమాట."

పెన్సిల్ ముట్టుకోకుండా, పుస్తకం ఆయన వైపు జరిపాను.

"ఎర్రర్ రాయండి."

"పిల్లా..."

"రాయండి ఆర్వ్. నేను పేపర్లో పడినా ఫర్వాలేదు."

ఆయన పెన్సిల్ తీసుకుని, ఆ రోజు పేజీ అంచున చిన్న అక్షరాలతో రాశారు. "బ్రెన్నా. ఎర్రర్, ఒకటి." రాసి, దాని కింద ఇంకో వరస చేర్చారు. "ఆర్విన్. ఎర్రర్లు, చాలా." నాకు ఎంత తేలికపడిందో చెప్పలేను. ఈ ఇంట్లో నేను చుట్టంగా ఉండటం ఆ గీతతో అయిపోయింది.

"సరే, పుస్తకాలు ఇంక పనికిరావన్నమాట," అన్నాడు నోలన్.

"ఎందుకు పనికిరావు?" అన్నారు మామగారు, కాస్త పౌరుషంగా. "తప్పు రాశాను గానీ దాచలేదు. చూడు."

పుస్తకం నా వైపు తిప్పారు. ఇప్పుడే రాసిన ఆ హిట్ గడి మూలన పెన్సిల్ మొనతో పెట్టిన ఒక చుక్క. గసగస గింజంత. నేను అంతకుముందు వందసార్లు చూసి, కాగితం మీది మరక అనుకున్నది.

"చుక్క ఉన్నవన్నీ ఎర్రర్లే. పన్నెండేళ్ళవీ."

* * *

మూడు రోజులు మళ్ళీ నేలమీదే. ఈసారి భూతద్దంతో. నోలన్ "చుక్క!" అని అరిచిన ప్రతిసారీ నేను ఒక గీత గీశాను. ఆరువందల నలభై ఒక్క చుక్కలు తేలాయి. మూడో రోజుకి నోలన్‌కి నా చెంప మీది పుట్టుమచ్చ చూసినా "చుక్క!" అనడం అలవాటైంది. అలా పోయిన సమయాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

చుక్కల్ని ఎర్రర్లుగా మార్చేసరికి గీతలు లేచి నిలబడ్డాయి. అన్ని రేటింగుల్లోకీ ఆటను ఎక్కువగా ముందే చెప్పేది పట్టే. పట్టు తక్కువైన షార్ట్‌స్టాప్ ఉన్న జట్టు మూడాటలకొకటి అతని చేతుల్లోంచే జారవిడుస్తోంది. అందరూ మోజుపడే పెద్ద అంకెలో మాత్రం పట్టుకీ పరుగుకీ ఒకే విలువ. అందుకే అది ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

నేను కిందికి దిగి, ఈసారి నీలం గీతలేవీ లేకుండా చెప్పాను. మామగారు అంతా విని ఒకే ప్రశ్న వేశారు.

"అయితే ఈ అంకెలు నిజం చెబుతాయంటావా, చెప్పవంటావా?"

"ఒక బంతికి చెప్పవు. ఒక ఆటకీ చెప్పవు. వంద ఆటలకి చెబుతాయి."

"మనకి ఇంకా ఎన్నున్నాయి?"

"అరవై."

ఆయన తల ఊపి, కంప్యూటరు తనవైపు లాక్కున్నారు. ఆటగాళ్ళను మార్చుకోవడానికి జులై నాలుగు ఆఖరు. ఆయన మొదట తెరిచిన పేరు సోరెన్‌ది. నేను ఆ పేరు ఎత్తలేదు, ఎత్తాలని కూడా అనుకోలేదు. పెద్ద అంకె డెబ్భై తొమ్మిది ఉన్న సోరెన్‌ని ఇచ్చి, టక్సన్ జట్టులో బెంచీ మీద కూర్చున్న అబ్నర్ లూజ్ అనేవాణ్ణి అడిగారు. లూజ్‌కి పెద్ద అంకె యాభై ఒకటి. పట్టు ఎనభై ఎనిమిది. టక్సన్ యజమాని నిమిషంలో ఒప్పుకున్నాడు. పైగా ఒక కన్ను గీటే బొమ్మ పంపించాడు.

మామగారు బటన్ నొక్కి, లేచి, సింకు దగ్గర ఒక గ్లాసు నీళ్ళు తాగి వచ్చి కూర్చున్నారు.

"తరవాత ఎవరు?" అన్నారు.

వారంలో లీగు చర్చల పేజీ నిండా మేమే. "ఆర్వ్ చేతితొడుగుల కొట్టు పెడుతున్నాడు." "ఆర్వ్, మా దగ్గర ఒక చేతులవాడున్నాడు, బ్యాటు పట్టుకోవడం రాదు, కావాలా?" మామగారు ఒక్కదానికే జవాబు రాశారు. రెండు వేళ్ళతో, పావుగంట పట్టింది. "కావాలి. పంపు."

జులై ఒకటి నాటికి పదహారు గెలుపులు, నలభై నాలుగు ఓటములు. ఆ తరవాత ఆటలు చూడటానికి కళ్ళు చాలలేదు. మావాళ్ళు కొట్టేది తక్కువే. రెండు రన్‌లు, మూడు రన్‌లు. కానీ అవతలివాళ్ళు కొట్టిన బంతులన్నీ ఎవడో ఒకడి చేతుల్లో పడుతున్నాయి. ఇన్నేళ్ళూ చేతకానివాళ్ళని ఈ ఇంట్లో అందరూ అనుకున్న, బంతి విసిరే పిచ్చర్లు ఒక్కసారిగా మొనగాళ్ళయిపోయారు. మామగారి పుస్తకంలో గడులు శుభ్రంగా నిండుతున్నాయి. గ్రెచెన్ శుక్రవారాలే కాక మంగళవారాలు కూడా రావడం మొదలుపెట్టింది.

"నేను చేపల కోసం వస్తున్నా," అంది.

"మంగళవారం చేపలుండవు," అన్నాడు నోలన్.

"నోర్మూసుకుని జరుగు."

* * *

జులై ముప్పై. ఆఖరి రోజు. అట్టడుగున మేమూ డులూత్ జట్టూ సరిసమానంగా ఉన్నాం: చెరి నలభై తొమ్మిది గెలుపులు, అరవై తొమ్మిది ఓటములు. రెండు జట్లూ సమానంగా ముగిస్తే, ఎదురెదురు ఆటల్లో ఎక్కువ గెలిచింది డులూత్ కాబట్టి కింద మిగిలేది మేమే. నోలన్ పెరట్లో బ్రాట్‌లనే మాంసపు సాసేజీలు కాలుస్తూ కిటికీలోంచి తల దూర్చి చూస్తున్నాడు. పొగంతా వంటింట్లోకే.

మొదటి ఆట ఇద్దరమూ ఓడాం. రెండో ఆట మాది సగంలో ఉండగా నోలన్ ఫోను చూసి అరిచాడు. "డులూత్ ఓడిపోయింది!"

అప్పుడిక లెక్క అక్కర్లేదు. గెలిస్తే ఇరవై మూడు. ఓడితే ఇరవై నాలుగు. మామగారి జట్టు నలభై మంది వరసలో మొదటివాడి చేతికి పోతుంది.

తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి సగం. మేం మూడు, వాళ్ళు రెండు. ఒకడు అవుట్. వాళ్ళవాడొకడు రెండో బేస్ మీద ఉన్నాడు. వాక్యం పడింది.

"షార్ట్‌స్టాప్ లూజ్ దగ్గరికి నేలబంతి. చేతుల కిందినుంచి జారిపోయింది. ఎర్రర్. రన్."

మూడు, మూడు.

"ఎనభై ఎనిమిది!" అని అరిచింది గ్రెచెన్. "ఎనభై ఎనిమిదంటే ఇదేనా బ్రెన్నా? ఇంతోటి దానికి ఆ సోరెన్ గాడే నయం కదా!"

నా నోటినుంచి వచ్చిన గొంతు నాకే కొత్తగా, నిలకడగా వినిపించింది. "అది ఒక్క బంతి, గ్రెచెన్."

"ఆ ఒక్క బంతికే పోతోందిగా!"

"ఒక్క బంతే," అన్నారు మామగారు. నిదానంగా లూజ్ పేరున ఎర్రర్ రాశారు. రాసి నా కాఫీ కప్పు నా వైపు జరిపారు.

తరవాతి వాక్యం రావడానికి పట్టిన సమయంలో ఒక బ్రాట్ మాడిపోయింది.

"షార్ట్‌స్టాప్ లూజ్ దగ్గరికి గట్టి నేలబంతి. పట్టాడు. రెండో బేస్‌కి విసిరాడు, అవుట్. అక్కడినుంచి మొదటి బేస్‌కి, అవుట్."

ఒకే బంతికి ఇద్దరు. ముందటివాడితో కలిపి ముగ్గురు అవుట్, వాళ్ళ వంతు అయిపోయింది. గ్రెచెన్ బల్లమీద గుద్దిన దెబ్బకి ఆవాల ముద్ద సీసా దొర్లింది.

ఇక మా బ్యాటింగ్. వాళ్ళ పిచ్చర్ నాలుగు బంతులు గురితప్పి వేస్తే ఒకడు కొట్టకుండానే మొదటి బేస్ చేరాడు, ఇంకొకడు అతన్ని రెండుకి జరిపాడు. తరవాత వచ్చినవాడి కొట్టే బలం ఇరవై తొమ్మిది. అతను కొట్టిన బంతి మూడో బేస్ వైపు నెమ్మదిగా దొర్లింది. అక్కడ ఉన్నవాడి పెద్ద అంకె ఎనభై నాలుగు. లీగంతా ఈర్ష్యపడే మనిషి. పట్టు ముప్పై మూడు.

"అందుకున్నాడు. జారవిడిచాడు. వెతికి విసిరాడు, బంతి మొదటి బేస్ దాటి పోయింది. రన్. ఆట ముగిసింది. గల్స్ నాలుగు, అతిథులు మూడు."

నోలన్ చేతిలో పట్టకారుతోనే కిటికీలోంచి లోపలికి దూకాడు. నన్ను ఎత్తి తిప్పితే నా కాలు తగిలి కుర్చీ పడిపోయింది. గ్రెచెన్ నా తల పట్టుకుని నెత్తిమీద గట్టిగా ముద్దుపెట్టి, "ఇంకో ఏడాది చదవక్కర్లేదులే!" అంది. మామగారు మాత్రం ఆఖరి గడి నింపి, కింద తేదీ వేసి, సంతకం చేశాకే కుర్చీలోంచి లేచారు. లేచి ఫ్రిజ్ తలుపుకున్న ఉత్తరం ఊడదీసి నాలుగు మడతలు పెట్టారు.

"ఇరవై మూడు," అన్నారు, రుచి చూస్తున్నట్టు. "ఇరవై మూడు!"

ఆ ఆదివారం మధ్యాహ్నం నోలన్ తన ట్రక్కు గుమ్మం ముందుకు తెచ్చి, వెనక తొట్టిలో పెరటి కుర్చీలు రెండు వేసి తాళ్ళతో బిగించాడు. పథకం గ్రెచెన్‌ది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గల్స్ అని కుట్టించుకున్న టోపీ పెట్టుకుని ఒక కుర్చీలో కూర్చున్నారు. నేను నవ్వుతూ గుమ్మం దగ్గరే నిలబడితే, రెండో కుర్చీ అరచేత్తో తట్టారు.

"నేనెందుకండీ?"

"ఎక్కు పిల్లా. లెక్క కట్టినవాళ్ళు కింద నడుస్తారా?"

నోలన్ నడకకంటే మెల్లగా బండి పోనిచ్చాడు. గ్రెచెన్ ముందు సీట్లోంచి హారన్ ఆపకుండా కొట్టింది. మామగారు ఊరికి పెద్దమనిషిలా కుడికీ ఎడమకీ చేయి ఊపారు. జనం గడ్డి కోసే మిషన్లు ఆపి, వరండాల్లోంచి లేచి చూశారు. మూల ఇంటి ముందు గొట్టంతో మొక్కలకు నీళ్ళు పెడుతున్న ముసలాయన అరిచాడు.

"ఏం గెలిచావు ఆర్వ్?"

"ఇరవై మూడో స్థానం!"

"ఎంతమందిలో?"

మామగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ట్రక్కు ఊగింది, నేను ఆయన నడుం పట్టుకున్నాను. వీధి చివరిదాకా వినపడేలా, టోపీ గాల్లోకి ఎత్తి చెప్పారు.

"ఇరవై నలుగురిలో!"